లోపలివైపు కుట్టిన జెండా

మాకు పెళ్లయిన కొత్త. మా ఆయన పలాసలో స్వరాజ్య వాలంటీరు. ఆయన యూనిఫారం చొక్కాకి గుండెమీద చిన్న రాట్నం జెండా కుట్టి ఉండేది. జెండా కనిపిస్తే పోలీసులు కొడతారని విని, ఊరేగింపు రోజు ఆయన స్నానానికి వెళ్లగానే దాన్ని విప్పి చొక్కా లోపలివైపు కుట్టేశాను. ఆయన హడావుడిగా తొడుక్కుని, చూసుకోకుండానే వెళ్లిపోయారు.

నేనూ వెనకే వెళ్లాను. స్టేషను దగ్గర పోలీసులు జెండా ఉన్నవాళ్లందరినీ కొట్టారు. మా ఆయన్ని మాత్రం, "నీకు జెండా నేదు, ఎల్లిపో!" అన్నారు. ఆయన గుండె తడుముకుని, జనంలో ఉన్న నావైపు చూశారు. చొక్కా విప్పి, తిరగేసి తొడుక్కున్నారు.

"ఇదిగో జెండా! ఇప్పుడు కొట్టు!"

ఆ సాయంత్రం వాతలకు కొబ్బరినూనె రాస్తూ ఏడ్చాను. ఆయన చొక్కా నా ఒళ్లో పెట్టి, "రేపు పైకి అవుపడీలాగ కుట్టీయే" అన్నారు. అంతే.

ఒక్క తిట్టు తిట్టినా నా మనసు తేలికపడేది.