చాక్‌పీసు సున్నా మీద వెండి రంగు

నేను కళింగపట్నం పిల్లని. ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా ఊడిపోవడం మా నాన్న పడవ లంగరు చూసే నేర్చుకున్నాను. రంగు వేసే ముందు దాన్ని గీకి గీకి ఇంటిల్లిపాది చేతులూ ఎర్రబడేవి. పెద్దయ్యాక ఉద్యోగమూ అదే దొరికింది, రిఫైనరీలో తుప్పు వెతకడం.

మా ఆయనది గజపతినగరం. అదే రిఫైనరీలో పంపుల దగ్గర ఆపరేటరు. ఆయన కుర్చీకి సరిగ్గా పైనుంచి ఒక నూనె పైపు వెళ్తుంది. ఇనుప దూలం మీద ఆనే చోట తుప్పు తినేసి అది పల్చబడింది. పగిలితే నూనె నేరుగా ఆయన మీదే పడుతుంది. పక్కనే తిరిగే పంపులు, నిప్పంటుకోవడానికి ఎంతసేపు? మీటరు పెట్టి మందం కొలిచాను, చాక్‌పీసుతో సున్నా చుట్టాను, మార్చమని పైఆఫీసరుకు చెప్పాను. "దసరా వెళ్లనివ్వండి మేడమ్" అన్నాడు. ఎండాకాలంలో చెబితే "వానలు తగ్గనివ్వండి" అన్నదీ ఈ మనిషే.

ఆయుధపూజ నాడు వెళ్లి చూస్తే నా సున్నా లేదు. తుప్పు గీకకుండా దాని మీదే వెండి రంగు కొట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. దగ్గరుండి చేయించింది మా ఆయనే. ఒళ్లు మండిపోయింది.

"ఏటి మావా ఇది? తుప్పు మీదే రంగేయించేస్తావా?"

"గీకతా కూకుంటే పండక్కి అవుతాదేటే? సూడు, కొత్త పైపునాగ ఉన్నాది."

"నీ నెత్తి మీదే ఉన్నాది!"

"ఇన్నాళ్లూ ఉన్నాది కదే" అని నా చేతిలో పులిహోర పెట్టాడు. తినబుద్ధి కాలేదు.

ఆఫీసరును లాక్కొచ్చి చూపించాను. "ఎక్కడమ్మా తుప్పు? మెరిసిపోతుంటేనూ!" అన్నాడు. రంగు గీకి చూపిద్దామంటే నూనె పారుతుండగా గీకకూడదు, మిగిలిన కాస్త మందానికీ చిల్లు పడుతుంది. లైను ఆపితేనే గీకాలి. ఆపాలంటే ఆఫీసరుకి ముందు తుప్పు కనబడాలి. ఏడవాలో, తిట్టాలో తెలియలేదు. "దీపావళి కానిద్దాం" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మా ఆయనకి డ్యూటీ. కేరేజీ చేతికిస్తూ ఉండబట్టలేక అన్నాను.

"ఆ కుర్చీ పక్కకి జరుపుకో మావా. నీకు దండం పెడతాను."

చెప్పులేసుకుంటూ నవ్వాడు.

"ఫేను గాలి అక్కడే తగుల్తాదే."