పస్కాలో వేపపువ్వు

మొన్న సాయంత్రం నల్లా కింద బిందె పెట్టి నిలబడితే పక్క క్వార్టర్ అక్క నవ్వుతూ పట్టుకుంది. "చర్చికి రమ్మంటే రారు. గుడికొస్తే మీ ఆయన గేటు కాడనే నిలవడుతడు. గిట్లయితే మీ బిడ్డ ఎవలల్ల కలుస్తది చెల్లె?" ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ, బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా నా మనసు మాత్రం మా అత్తగారు మొదటిసారి ఈ బొగ్గుగనుల సెంటినరీ కాలనీకి వచ్చిన ఎండాకాలం దగ్గరే ఆగిపోయింది.

మా ఆయన వాళ్ళది గుంటూరు వైపు. యూదులు. తెలుగువాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటారని ఆయనను చేసుకునేదాకా నాకూ తెలియదు. గని ఉద్యోగం ఆయనను ఇక్కడికి తెచ్చింది, రెండిళ్ళతోనూ కొట్లాడి చేసుకున్న పెళ్ళి నన్ను ఆయన దగ్గరికి తెచ్చింది. మాది ఎల్లమ్మకు బోనం పెట్టే ఇల్లు మరి. అత్తగారు పెళ్ళికి రాలేదు, పాప పుట్టినా రాలేదు. పాపకు నాలుగేళ్ళు నిండాక, వాళ్ళ పస్కా పండుగ ముందు, ఒక సంచితో దిగారు. ఆ పండుగకు ఇంట్లో చిన్నబిడ్డ ప్రశ్నలు అడగాలి, పెద్దవాళ్ళు పాత కథ చెప్పాలి. అదే దానికి ప్రాణం. మా ఆయన ఆ ప్రశ్నలు పాపకు నేర్పుతానంటే ఆమె ఒప్పుకోలేదు. "మా వాళ్ళల్లో తల్లి ఏదైతే బిడ్డా అదేరా. పిల్ల మన పక్కన కూర్చుని తింటే చాలు, అడగొద్దు" అన్నారు. నేను వంటింట్లోంచి విన్నాను. నా కడుపున పుట్టడమే పాప తప్పయినట్టు ఉండింది.

అయినా మెప్పించాలని ఆశ. పండుగనాడు పొద్దున్నే గోధుమపిండి తడిపి, రొట్టెలు దూదిలా రావాలని తడిగుడ్డ కప్పి నానబెట్టాను. అత్తగారు గుడ్డ ఎత్తి చూసి నెత్తి పట్టుకున్నారు. పస్కా రొట్టెకు తడిపిన పిండి ఆగకూడదట, పులుపు సోకకూడదట.

"నానబెట్టమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మెత్తగుంటయని, అత్తమ్మా..."

ముద్దంతా బర్రెలకు పోయింది. పాపను చూద్దామని మా అమ్మ అప్పుడే పల్లె నుంచి దిగింది. సంగతి విని కొంగు దోపింది. "గంతేనా వదినె? జొన్నరొట్టె లెక్క జల్ది జల్ది చేద్దాం. తడుపుడు, కొట్టుడు, పెంక మీద ఏసుడు. ఫికర్ ఎందుకు?" మా అమ్మ కొడుతుంటే అత్తగారు కాల్చారు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి గిన్నెలు గలగలమన్నా ఇద్దరూ తల ఎత్తలేదు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి స్నానం చేసి వచ్చాడు. కళ్ళ చుట్టూ బొగ్గు కాటుకలా మిగిలే ఉంది. గని మట్టిగుట్టల వెనక నుంచి పున్నమి చంద్రుడు, దుమ్ములో తడిసి, బెల్లం రంగులో పైకి వస్తున్నాడు. ఆ వెలుగులో కాలనీ మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. చాపల మీద కూర్చున్నాం. ఆ పూట చేదు తినాలట. వేరే ఆకేదీ దొరక్క అత్తగారు వాకిట్లో వేపపువ్వు దూసి తెచ్చి అందరి చేతుల్లో చిటికెడు పెట్టారు. పాప నోట్లో వేసుకుని, మొహం ముడిచి, ఎవరూ నేర్పకుండానే అడిగేసింది.

"నాయినమ్మా, ఉగాది అయిపాయె గద! మల్ల చేదెందుకు తింటున్నం?"

నేను పాప నోరు మూయబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టి ఆపారు. ఆ పండుగనాడు పిల్లలు తరతరాలుగా అడిగే ప్రశ్నల్లో అదొకటని మా ఆయన తరువాత చెప్పాడు. అడిగిన బిడ్డకు జవాబు చెప్పకుండా ఉండకూడదట. ఆమె పాపను "ఇట్రా" అని ఒళ్ళోకి లాక్కున్నారు. "మన పెద్దవాళ్ళు ఐగుప్తు దేశంలో వెట్టి చేశారమ్మా. ఆ చేదు మరిచిపోకూడదని."

"మా తాతలు గూడ దొర కాడ వెట్టి చేసిండ్రు వదినె," అంది మా అమ్మ. "ఇంకింత ఇటియ్యి" అని చెయ్యి చాపింది.

పాప కథ మధ్యలోనే నిద్రపోయింది. అత్తగారు ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించారు. ఎన్ని వేల ఏళ్ళు నడిచి వచ్చిందో ఆ కథ, నిద్రపోతున్న నా బిడ్డ చెవి దగ్గర చెప్పులు విడిచి, ఇక తొందరేమీ లేనట్టు మెల్లగా లోపలికి వెళ్ళింది.