ఒక గ్యాలను డీజిలుతో ఎమ్మిగనూరు పోయి వచ్చిన వైనం

ఆదోనిలో మా బావ మోటారు ఎక్కబోయేవారికి నేను ముందుగా చెప్పేది ఒకటే. పాత ధోవతి కట్టుకుని వెళ్ళండి. నేను వెళ్ళినప్పుడు ఈ మాట చెప్పేవారు లేకపోయారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, పత్తి రోజుల్లో, మా అక్క కార్డు రాసింది. "తమ్ముడా, మీ బావకూ వాళ్ళ అన్నకూ మోటారు గురించి పందెం పడింది. సాక్షిగా నువ్వు రావాలంట. రెండు చొక్కాలు తెచ్చుకో" అని అందులో ఉంది. చొక్కాల మాట రాసింది గాని ధోవతి మాట మరిచిపోయింది.

గుంతకల్లులో సాయంత్రం నాలుగింటి పాసింజరు ఎక్కాను. రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తాను కనుక నాకు టిక్కెట్టు బాధ లేదు, కూర్చునే చోటు బాధ మాత్రం అందరితో సమానమే. ఎదుటి బల్ల మీది మిరపకాయల వ్యాపారి "యాడికి పోతాండావన్నా?" అని అడిగాడు. మా బావ మోటారును తక్కువ నూనెతో నడుపుతాడట, దానికి సాక్షిగా పోతున్నానని చెప్పాను. ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "ఇంట్లో ఏం పని లేదాప్పా నీకు?" అన్నాడు.

ఆదోనిలో దిగేసరికి ఆరుంబావు. పావుగంట ఆలస్యం, అందులో మా రైల్వే తప్పేమీ లేదని మనవి.

సంగతి ఏమిటంటే, మా బావ రుద్రప్ప, ఆయన అన్న వీరభద్రప్ప కలిసి పత్తి మండీ నడుపుతున్నారు. హొళగుంద వైపు వాళ్ళకు చేను ఉంది, చేనులో బావి ఉంది. ఆ బావికని పెద్దాయన ఒక పాత డీజిలు ఇంజను తెప్పిస్తే, బావ దాన్ని బావి మొహం చూడనీయకుండా తన డొక్కు మోటారులోకి ఎక్కించుకున్నాడు. బజారులో మోటారు మీద పోయే సావుకార్లలో తానూ ఒకడు కావాలని ఆయనకు పెళ్ళినాటి నుంచి కోరిక. కాని ఆ బండి నూనె తాగడం చూసి పెద్దాయనకు గుండె తరుక్కుపోయింది. ఒక గ్యాలను నూనెతో ఎమ్మిగనూరు పోయి రావాలి, పోను పద్దెనిమిది మైళ్ళు, రాను పద్దెనిమిది. వస్తే మోటారు బావది. రాకపోతే మర్నాడే ఇంజను ఊడదీసి బావికి బిగిస్తారు. ఇదీ పందెం.

పొద్దున ఆరింటికి బండిని చూసి, ప్రమాదం ఏదైనా జరిగిందేమో అనుకున్నాను. తలుపులు లేవు. వెనక సీటు లేదు, మడ్‌గార్డులు లేవు, హారను లేదు. బరువు తగ్గితే నూనె తగ్గుతుందని బావ అన్నీ ఊడదీసి అటక మీద పెట్టాడట. ఇంజనుకు నూనె పంపే పంపు మరను అర చుట్టు బిగించాడు. టైర్లలో గాలి ఎంత కొట్టాడో, వేలితో తడితే మద్దెల మోగినట్టు మోగాయి.

"బామ్మర్దీ, నువ్వు కూడా కాటా ఎక్కు" అన్నాడు.

పత్తి బోరాలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టారు. ఆరు మణుగుల చిల్లర తూగాను. చిల్లర తగ్గించాలని బావ నా చెప్పులు, గొడుగు, అక్క కట్టిచ్చిన చద్దిమూట తీసి పక్కన పెట్టాడు. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మూటలు తూచినవాణ్ణి, నన్నే తూచి చిల్లర కొట్టేస్తారని ఎన్నడూ అనుకోలేదు.

పెద్దాయన కొలిచి ఒక గ్యాలను పోయించాడు. నూనెతొట్టి మూతకు దారం చుట్టి, లక్క కరిగించి, పత్తి నమూనాల మీద వేసే మండీ ముద్ర వేశాడు. "ముద్ర సెదిరిందో, ఇంజను బాయికే" అని నావైపు చూసి, "రైలాయన అబద్ధం సెప్పడు" అన్నాడు.

ఆరూ నలభైకి బయలుదేరాం. గంటకు పది మైళ్ళ వేగం దాటితే నూనె ఎక్కువ తాగుతుందని బావ ఒట్టికాళ్ళతో, గుడ్డు మీద కాలు పెట్టినంత జాగ్రత్తగా తొక్కాడు. దిగుడు వచ్చినప్పుడల్లా ఇంజను ఆపేసేవాడు. హారను పని నాది. ఎద్దులబండి ఎదురైనప్పుడల్లా లేచి నిలబడి "జరుగు, జరుగు" అని అరిచాను. ఒక బండివాడు మాత్రం, "మీదే జరుపుకో సామీ, తేలిగ్గా ఉంది గదా" అన్నాడు.

తొమ్మిదీ పదికి ఎమ్మిగనూరు చేరాం. వీధుల్లో మగ్గాల చప్పుడు. ఒక హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. చాలా బాగున్నాయి, వెళ్ళినవాళ్ళు తప్పక తినండి. రెండో ప్లేటు చెప్పబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంటికి పోయినాక తిందువులే, తిన్నదంతా బండికి బరువే" అన్నాడు. ఆయన మీద నాకు ఆ రోజు మొదటిసారి కోపం వచ్చింది.

పదిన్నరకు తిరుగుముఖం పట్టాం. బావ చెవి ఇంజను మీద పెట్టి, "సగం గూడా తాగలేదు బామ్మర్దీ" అన్నాడు. ఆయన మొహం చూస్తే నాకూ సంబరమేసింది.

ఊరు దాటగానే ఒక రైతు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. పేరు ఈరన్న. పక్కన పెళ్ళాం, ఇద్దరు కూలీలు, నాలుగు మూటల వేరుశనక్కాయలు.

"రుద్రప్పన్నా, ఆదోనికే గదా. బండి ఖాళీగా పోతాంది, మూటలు ఎయ్యనా?"

ఇక్కడ మండీ వ్యాపారం సంగతి తెలియాలి. రైతు ఊరికి వస్తే భోజనం మండీవాడిదే, పడక మండీవాడిదే. కాదన్న ఏడాది ఆ రైతు పత్తి ఎదురు మండీకి పోతుంది. బావ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచి "ఎయ్యప్పా" అన్నాడు. మూటల వెంట నలుగురూ ఎక్కారు. సీటు ఉన్న కాలంలో ఆ మోటారును ఎవరూ ఆపలేదట. సీటు తీసేశాక అది చూసేవాళ్ళ కళ్ళకు గూడ్సు పెట్టెలా ఉంది. బరువు తగ్గించాలని చేసిన పనే బరువుకు చోటిచ్చింది.

మరో రెండు మైళ్ళకు సుంకమ్మ అనే ముసలమ్మ ఎక్కింది. ఆమెతో ఒక కోడి, ఒక నూనె డబ్బా. గానుగలో ఆడించిన శనగనూనె, మనవడి పెళ్ళికని తీసుకుపోతోంది.

ఆదోని కొండలు దగ్గరగా కనిపిస్తుండగా, పన్నెండూ యాభైకి, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇంకా రెండు మైళ్ళు. బావ కిందికి దిగి ముద్ర వైపు చూస్తూ రోడ్డు మీదే కూర్చున్నాడు. అంత మనిషి కళ్ళు తుడుచుకోవడం చూసి, నా ప్రాణం ఉసూరుమంది.

సుంకమ్మే అడిగింది. "ఏమప్పా, నూనె లేదనా? నా కాడ ఉంది గదా, పోసుకో."

డీజిలు ఇంజనుకు ఏ నూనైనా పడుతుందని బావ ఎవరో మెకానిక్ నోట విన్నాడట. తొట్టి మూత ముట్టుకోకుండా, గొట్టం ఊడదీసి డబ్బాలో ముంచి, గాలి పోయేదాకా చేతిపంపు కొట్టాడు. డబ్బా నా ఒళ్ళో పెట్టారు. పదినిమిషాల కుస్తీ తరువాత ఇంజను లేచింది. ప్రతి గుంతకూ పావుశేరు నా ధోవతి తాగింది, మిగతాది ఇంజను తాగింది.

ఒంటిగంటా పాతికకు మండీ ముందు ఆగాం. పెద్దాయన వంగి ముద్ర చూశాడు. చెక్కు చెదరలేదు. బావ మొహం వెలిగింది. అప్పుడు పెద్దాయన తలెత్తి గాలి పీల్చాడు.

"ఎవురింట్లోనో బజ్జీలు కాలుస్తాండారే" అన్నాడు.

వీధి వీధంతా బజ్జీల వాసన. రెండు కుక్కలు పొగగొట్టం దగ్గర నిలబడి ఉన్నాయి. పెద్దాయన నన్ను పిలిచాడు. "నువ్వు సెప్పప్పా. ఒక గ్యాలనుతోనే వచ్చిందా?" అక్క గడపలో నిలబడి నన్నే చూస్తోంది. ముద్ర చెదరలేదు కదండీ అని తప్పించుకోబోయాను. నా ధోవతి నుంచి చుక్కలు చుక్కలుగా నూనె కారుతోంది.

"నా నూనె సగం తాగిందప్పా మీ మోటారు" అని సుంకమ్మ మెచ్చుకోలుగా చెప్పింది.

పెద్దాయన ఆమె డబ్బా నింపించాడు. తరువాత మా ఇద్దరినీ వదిలేసి, ఎక్కినవాళ్ళను మూటలతో, కోడితో సహా కాటా ఎక్కించాడు. నలభై మణుగులు దాటింది. పెద్దాయన మోటారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఇంత బరువు ఇంత తక్కువ నూనెకు ఏ బండి మోసుకొస్తుంది? దీన్ని బాయికి బిగిస్తే దండగ. రేపట్నుంచి ఊరూరా తిరిగి రైతుల మూటలు తే రుద్రప్పా. సీట్లు అటక మీదనే ఉండనీ."

బావకు మోటారు దక్కింది, బావ సావుకారుతనమే పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక అందరం బజ్జీల వాసనలోనే భోజనానికి కూర్చున్నాం.

మర్నాడు సాయంత్రం అయిదుంబావు బండికి బావే స్టేషనులో దింపాడు. వెనక మూడు పత్తి బోరాలు, వాటి మీద నేను. ఆదోని, ఎమ్మిగనూరు చూడదగ్గ ఊళ్ళు, మనుషులు మంచివాళ్ళు, కాకపోతే ఖాళీ బండిలో మాత్రం పోకండి. రైలు కదలబోతుంటే బావ కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"బామ్మర్దీ, నిజం సెప్పు. మనిద్దరమే వచ్చింటే, ఒక గ్యాలనుకు వచ్చుండేదా లేదా?"

లెక్క వేసి చెప్పగలిగినవాణ్ణే. వేయలేదు.

"ఇంకో మూడు మైళ్ళ నూనె మిగిలేది బావా" అన్నాను.

ఆయన ప్లాట్‌ఫారం చివరిదాకా రైలుతోపాటు నడిచాడు, బజారులో కొత్త మోటారు మీద పోయే సావుకారులాగా.