మా వదిన చేసిన ఆట

పోయిన మంగళవారం మధ్యాహ్నం భూపాలపల్లి నుంచి మా అన్న ఫోన్ చేశాడు. హైదరాబాదులో నేను పనిచేసే వీడియో గేముల కంపెనీలో అప్పుడొక సమావేశం జరుగుతోంది. మేం తయారుచేసిన ఫాంటసీ ఆటను జనం ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలోనే ఎందుకు వదిలేస్తున్నారన్నది చర్చ. అన్న గొంతు సరిగా వినపడలేదు. బయటికొచ్చి మళ్లీ అడిగాను.

"మీ వదినె పోయింది చెల్లె," అన్నాడు. "అన్నం కలుపుకొని తెమ్మన్నది. తెచ్చిన. గంతల్నే..."

తలుపు వెనక మావాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ చర్చలో నేను చెప్పదలుచుకున్న ప్రతి మాటా వదిన దగ్గర నేర్చుకున్నదే. సంచి తీసుకుని బస్టాండుకు వెళ్లిపోయాను.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. ఆమె చేసిన ఆటనూ మీరెవరూ ఆడి ఉండరు. ఆడింది మా ఇంట్లోవాళ్లమే, అదీ కొన్నాళ్లే. ఇప్పుడది ఎక్కడా లేదు. ఆమె కూడా లేదు కాబట్టి, రెండింటి గురించీ చెప్పాల్సింది నేనే.

వదినది బయ్యారం. చిన్నప్పుడు పాడైపోయిన రేడియోలోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి, ఎర్రమట్టి మీద లాక్కుంటూ ఊరంతా తిరిగేదట. ఇంటికొచ్చేసరికి దానికి ఇనుప రజను గడ్డంలా మొలిచి ఉండేదట. "మా ఊరి మన్ను పిలిస్తె ఎంబడొస్తది," అనేది గర్వంగా. పెళ్లయి జనగామలో మా ఇంటికి వచ్చినప్పుడు, చదువుకునే రోజుల్లో వాడిన కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చుకుంది. అన్న అప్పటికే భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తున్నాడు. సెలవు దొరికినప్పుడే వచ్చేవాడు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో అమ్మ, డిగ్రీ చదువుతున్న నేను, కొత్తగా వచ్చిన వదిన. ఆమె రోజూ ప్యాసింజర్ రైల్లో స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లి కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది.

తెలంగాణ ఉద్యమం నిప్పులా రగులుతున్న కాలమది. ఇవాళ బంద్, రేపు రైల్‌రోకో. రైళ్లు ఆగిపోతే వదినకు పని లేదు, నాకు కాలేజీ లేదు. పొద్దున చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేవాళ్లం. తర్వాత కరెంటు ఉన్నంతసేపూ కంప్యూటర్ ముందే. మా బజారు పిల్లలు కార్ల పందేలు ఆడుకునేవాళ్లు. వదినకు మాత్రం మనమే ఒక పాత్ర అయిపోయి, కత్తులూ మంత్రాలూ భూతాలూ ఉన్న లోకంలో తిరిగే ఆటలే కావాలి.

ఒకసారి ఒక పెద్ద విదేశీ ఆట ఆడాం. కొండలు, కోటలు, ఆకాశంలో రెండు చందమామలు. చూస్తుంటే కళ్లు చాలేవి కావు. ఒక ఊరిని మింగుతున్న భూతాన్ని చంపడానికి ఎన్నో రోజులు పట్టింది. చివరికి చంపి, సంబరంగా ఆ ఊరికి తిరిగి వెళ్లాం. ఊరి మొదట్లో ఒక ముసలామె ఉంటుంది. మొదటి రోజు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది: అటు పోకండి, భూతం ఉంది.

వదిన మొహం చిన్నబోయింది. "ఊరును బతికిచ్చినం కద పిల్లా! ఈ అవ్వకు ఎవ్వలు చెప్పలేదా?" అంది. మళ్లీ మళ్లీ ఆమెను పలకరించింది. ముసలామె అదే మాట అంటూనే ఉంది. వదిన లేచి బియ్యం ఏరడానికి వెళ్లిపోయింది. ఆ ఆటను మళ్లీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఇంకో ఆట దొరికింది. బొమ్మలు ముతకగా ఉన్నాయి, పాటలు కూడా లేవు. అందులో దాహంతో ఉన్న ఒక బాటసారిని పట్టించుకోకుండా మేం ముందుకు పోయాం. చాలా దూరం వెళ్లాక వానలో ఒక ఇంటి తలుపు తట్టాం. తలుపు తెరిచింది ఆ బాటసారే. మమ్మల్ని చూసి తలుపు మూసేశాడు. వదిన ఎగిరి గంతేసినంత పనిచేసింది. "చూసినవా, యాది పెట్టుకున్నడు! ఆట అంటే గిది!" అంది. తనను వానలో నిలబెట్టినందుకు ఎవరైనా అంత సంతోషపడటం నేనెన్నడూ చూడలేదు.

అలా మొదలైంది ఆమె సొంత ఆట. కొలిమి దగ్గర పుట్టిన లచ్చి అనే పిల్ల కథ అది. ఇనుముతో చేసిన ఏ వస్తువునైనా ముట్టుకుంటే అది ఆమెతో మాట్లాడుతుంది. కొడవలి, గొళ్లెం, కడియం, బావి గిలక, అన్నీ మాట్లాడతాయి. ఊళ్లో కొలిమి ఆరిపోయింది. కొండ గుహలో ఉన్న నిప్పును లచ్చి తేవాలి. అందరూ మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. అప్పటికి సినిమాల్లో మా మాట వినపడితే నవ్వుకోవడానికో, రౌడీ నోటివెంటో ఉండేది. వదిన ఆటలో ఆ మాటలోనే కొడవలి ఏడ్చింది, కొండ దారి చెప్పింది. ఉద్యమాన్ని కూడా ఇందులో పెడదామని నేనంటే ఒప్పుకోలేదు. "అది బజాట్ల ఉన్నది, సాలు. ఈడ లచ్చిని లచ్చి లెక్కనే ఉండనియ్యి," అంది.

మొదట ఆడింది మా అమ్మ. అమ్మకు చదవడం కష్టం. వదిన పక్కన కూర్చుని ప్రతి మాటా గొంతు మార్చి వినిపించేది. గుహ ముందు ఇనుప వెంట్రుకలున్న ఎలుగుబంటి అడ్డం నిలుస్తుంది. దాన్ని చంపితేనే నిప్పు దొరుకుతుంది. అమ్మ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఆ మూలకు పిల్లలున్నై కద బిడ్డ. నేను కొట్ట."

గుహ ఖాళీగా కనిపిస్తోందని వదిన ఊరికే గీసిన ఎలుగుపిల్లలు అవి. ఆమెకే గుర్తులేదు. "కొట్టకుంటె ముందటికి పోదు అత్తమ్మా," అంది.

"పోకుంటె మానె. నేను గీడ్నే కూసుంట."

వదిన కంప్యూటర్ ఆపేసి, తెల్లారి నుంచి అదే భాగాన్ని మళ్లీ రాసింది. ఈసారి అమ్మ గుహ దగ్గరికి వెళ్లి, ఏమీ చేయకుండా కూర్చుంది. లచ్చి కొడవలిని కింద పెట్టింది. ఎలుగుబంటి వచ్చి వాసన చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆట చివర్లో వాగు పొంగి ఊరి పిల్లలు అవతలి ఒడ్డున చిక్కుకుంటే, అదే ఎలుగుబంటి వచ్చి ప్రవాహానికి అడ్డంగా నిలబడింది. పిల్లలు దాని వీపు మీదుగా దాటారు.

"నన్ను యాది పెట్టుకున్నది బిడ్డా," అని అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు వదిన అన్న మాట నా ఉద్యోగానికి పునాది. "చెప్పిన పని చేస్తె ఇనాం ఇచ్చుడు సర్కసుల గూడ ఉంటది. ఆడేటోళ్లు చెయ్యనన్న పనికి గూడ జవాబుండాలె పిల్లా."

హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక సంస్థవాళ్లు చూస్తామంటే ఇద్దరం వెళ్లాం. అక్కడి పెద్దాయన మర్యాదస్తుడే. మేం ఆడి చూపిస్తుంటే శ్రద్ధగా చూశాడు. "చాలా బాగా చేశావమ్మా. కానీ ఈ యాస కామెడీ పాత్ర ఒకదానికి ఉంచి, హీరోయిన్‌కి తీసేద్దాం. ఇలా మాట్లాడితే ఎవరూ ఆమెను సీరియస్‌గా తీసుకోరు. ఎలుగుబంటితో ఫైటు తప్పనిసరి చెయ్యి. కొట్టకుండా వెళ్లిపోతే ఇంక ఆటేముంది?" అన్నాడు.

తిరిగొస్తుంటే జనగామ ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు. నడిరోడ్డున పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు అన్నాలు వండుతున్నారు, డప్పులు మోగుతున్నాయి, పాటలు సాగుతున్నాయి. ఒకామె విస్తరిలో అన్నం పెట్టి వదిన చేతికిచ్చింది.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల గుంజుకపోయింది?"

"ఏం లేదవ్వా."

చుట్టూ అందరూ లచ్చి మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. వదిన అన్నం ముద్ద చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. చివరికి, "మారుస్త," అంది.

"వద్దు వదినె."

"ఎవ్వలు ఆడని ఆట ఎవ్వలకు చేసినట్టు పిల్లా? బయటికి రావాలె గద."

 

కొన్ని నెలలపాటు కూర్చుని అంతా మార్చింది. పాత దాని మీదే కొత్తది కట్టుకుంటూ పోయింది. పూర్తయ్యాక, అలవాటుగా, అమ్మను పిలిచింది. లచ్చి తెర మీదికి వచ్చి, "నేను వెళ్లి నిప్పు తీసుకొస్తాను," అంది.

"ఈమె ఎవలు?" అని అడిగింది అమ్మ.

"లచ్చే అత్తమ్మా."

"మరి మన లచ్చి ఏడ పోయింది?"

అమ్మ వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది.

ఆ సంస్థ చాలాకాలం ఊరించి, ఇలాంటి ఆటలకు ఇక్కడ ఇంకా గిరాకీ లేదని చెప్పేసింది. వదిన పాత ఆట కోసం వెతికింది. ఎప్పుడో విడిగా దాచిన సీడీ గీతలు పడి తెరుచుకోలేదు. కంప్యూటర్లో ఉన్నదంతా మార్చినదే. పెరట్లో బండ మీద కూర్చుని ఏడ్చింది. కొత్త ఆటను తనే చెరిపేసింది.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ అంతా గులాబీ రంగులో మునిగింది. వదిన అందరితో కలిసి ఆడింది, పాడింది. మనస్ఫూర్తిగానే ఆడింది. ఇంటికొచ్చి జుట్టులోంచి గులాలు దులుపుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అంది: "తెలంగాణ వచ్చింది పిల్లా. లచ్చి రాలె."

తర్వాత అన్న దగ్గరికి భూపాలపల్లి వెళ్లిపోయింది. బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పింది. నాకు ఈ ఉద్యోగం వచ్చాక మేం చేసే ప్రతి ఆటనూ ఆమెకు పంపేదాన్ని. ఫోన్లో నిర్మొహమాటంగా చెప్పేది. "పది పూలు తే, పది తోళ్లు తే... ఇంట్ల లేవా పనులు? బుట్టెడు పనులు చెప్తె కథ అయితదా?" "కత్తి పెద్దగైంది, మనిషి పెద్దగ కాలె." ఒక్కోసారి, "ఈ మంత్రగత్తె అబద్ధమాడితె నాకు నిజంగనే కోపమొచ్చింది. మంచిగ చేసిన్రు," అనేది. ఆ ఒక్క మాట కోసం నేను నెలలు పనిచేసేదాన్ని. సొంతంగా మళ్లీ ఏదైనా చెయ్యమంటే మాత్రం మాట మార్చేది.

రెండేళ్ల కింద క్యాన్సర్ అని తెలిసింది. తగ్గిందనుకున్నాం. మళ్లీ వచ్చింది.

చివరిసారి పోయిన నెలలో వెళ్లాను. మనిషి సగమైంది. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకుని మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. "లచ్చిని మల్ల చేద్దాం వదినె. నువ్వు చెప్పు, నేను చేస్త," అన్నాను. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్న మాట. ఆమె కాదనలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఎలుగుబంటి యాదికున్నది. వాగు గూడ యాదికున్నది. గుహ కాడ లచ్చి దానితోని ఏదో అంటది. మంచి మాట. గది యాదికొస్తలేదు పిల్లా."

నాకూ గుర్తులేదు.

కాసేపటికి, "మీ కొత్తది తెచ్చినవా? పెట్టు జర," అంది. ల్యాప్‌టాప్‌ను దిండు మీద పెట్టి ఇచ్చాను. మెల్లగా ఆడింది. తన పాత్రను ఒక గడ్డిమైదానం మధ్య వరకు నడిపించి, ఆపి, చుట్టూ చూసింది. "గాలి మంచిగున్నది," అంది. మౌస్ మీద చెయ్యి అట్లాగే ఉండగా నిద్రపోయింది.

ఎవరూ కదపకపోతే మా ఆటలో మనిషి ఆగిపోదు. ఉన్నచోటే నిలబడి ఊపిరి తీస్తూ ఉంటుంది. తెర మీద గడ్డి అలలు అలలుగా వంగుతోంది. ఆ అమ్మాయి భుజాలు నెమ్మదిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. పక్కన శాలువా కింద వదిన భుజాలూ అలాగే లేస్తున్నాయి, దిగుతున్నాయి. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వచ్చి ఇద్దరి మీదా పడింది. నేను తెర ఆపలేదు.