ఉప్పు అమ్మే పిల్ల రాణి కూతురు కానక్కర్లేదు

రెండో పుస్తకం నాకు నచ్చలేదు. మొదటిది అట్టలు ఊడేదాకా చదివాను. రెండోదాన్ని చివరి పేజీ వరకూ చదివి, మూసి, పక్కన పెట్టాను.

అవి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల కోసం రాసిన మాయల కథలు. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఫిల్మ్ నగర్ బస్తీలో ఉంటూ చాలా ఏళ్లు సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టుగా చేశాను. పెళ్లి సీనులో చుట్టాల్లో ఒకదాన్ని, కోర్టు సీనులో వెనక బెంచీలో ఒకదాన్ని. మోకాళ్లు మొరాయించాక ఆ పని మానేశాను. మా కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు చదువు చెప్పే టీచరమ్మ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వెంగళరావు నగర్ నుంచి వస్తుంది. కోస్తా మనిషి, నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. గుణింతాలు, వత్తులు అయ్యాక ఆవిడ నా చేతిలో పెట్టిన మొదటి కథల పుస్తకం అదే.

అందులో ఉప్పు అమ్ముకునే పిల్ల ఉంటుంది. కొండ మీద కోటలో తలుపు తరవాత తలుపు. ప్రతి తలుపు మీదా ఏదో రాసి ఉంటుంది, చదివితేనే తెరుచుకుంటుంది. ఆ పిల్లకు చదువు రాదు. కాపలావాడికి ఉప్పిచ్చి ఒక అక్షరం, వంటమనిషికి ఉప్పిచ్చి ఒక అక్షరం తెచ్చుకుంటుంది. తప్పు చదివితే చెయ్యి కాలుతుంది. కాలిన చేత్తోనే మళ్లీ తలుపు ముందు నిలబడుతుంది. ఆ పిల్ల తడబడిన చోట నేనూ తడబడుతూ చదివాను. అంత నెమ్మదిగా చదవడం వల్లే ఆ పిల్ల నాకు అంత దగ్గరైంది.

రెండో పుస్తకంలో ఆ పిల్ల అసలు ఉప్పు అమ్మేవాళ్ల పిల్లే కాదట. రాణి కూతురట. భుజం మీద మచ్చ బయటపడుతుంది. ఆ రాత్రే చివరి తలుపు మీది రాతంతా దానంతటదే కళ్లకు అర్థమైపోతుంది. మచ్చ బయటపడే సీన్లలో జనంలో నిలబడి నోరు తెరిచి ఆశ్చర్యపోవడం ఒకప్పుడు నా పని. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు అది నా పని కాదు.

ఆ పుస్తకం రాసినమ్మాయి సినిమాలకు మాటలు కూడా రాస్తుంది. జూబ్లీ హిల్స్‌లో ఒక కాఫీ హోటల్లో రెండో పుస్తకానికి ఫంక్షన్ పెట్టింది. టీచరమ్మ నా గురించి ఆ అమ్మాయికి ముందే చెప్పేసింది.

"స్టేజి ఎక్కి రెండు ముక్కలు మాట్లాడాలక్కా."

"నాకు నచ్చలే టీచరమ్మా."

"అదేంటి? అంత కష్టపడి చదివావు కదా."

"కష్టపడి చదివితే నచ్చాల్నా ఏంది?"

"అక్కడ అందరూ మంచే చెబుతారు. ఫంక్షన్ అంటే అంతేగా. సినిమావాళ్ల మధ్య బతికావు, నీకు నేను చెప్పాలా?"

నిజమే. స్టేజి మీద అందరికీ అన్నీ అద్భుతమే. బాగాలేదన్న మాట కారు తలుపు వేసుకున్నాకే బయటికొస్తుంది. డ్రైవర్లకు తెలిసినంత నిజం మైకులకు తెలియదు. కానీ నాకు అక్షరం పెట్టిన మనిషి అడుగుతోంది. నచ్చలేదంటే ఆవిడ మొహం చిన్నబోతుంది. నచ్చిందంటే, ఇక నేను చదవడమెందుకు?

ఫంక్షన్లో నన్ను అందరికంటే చివర పిలిచారు. మైకు పట్టుకుని చెప్పాను. "యాభై దాటినంక అక్షరాలు నేర్చుకున్న. ఈ పుస్తకం మొత్తం చదివిన. మొదటి దాంట్ల పిల్ల చెయ్యి కాల్చుకొని నేర్చుకుంది. గిండ్ల రాణి బిడ్డ అని తెల్వంగనే చదువు వచ్చేసింది. గట్ల రాదు. ఆమె ఉప్పమ్మే పిల్లగనే ఉంటే ఏం పాయె?"

ఆ అమ్మాయి కోప్పడలేదు. "పిల్లలకు ఆ మలుపే బాగా నచ్చిందమ్మా. థియేటర్లో అయితే విజిల్స్ పడే సీన్ అది."

"పడ్తయి బిడ్డా. నేను మాత్రం కొట్ట."

జనం నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. "మూడో పుస్తకంలో కూడా తను రాణి కూతురేనమ్మా. మార్చను."

"మార్చకు. నేను గూడ నా మాట మార్చ."

ఇంటికొచ్చే ఆటోలో టీచరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు పక్కింటామె ఫోన్లో ఆ ఫంక్షన్ వీడియో చూపించింది. నేను రెండే మాటలు అంటాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నానని, ఈ పుస్తకం మొత్తం చదివానని. వెనక వయొలిన్, తరవాత చప్పట్లు. అంతే. మిగతాది కోసేశారు. చూసినవాళ్లు నేను ఆ పుస్తకానికి దండం పెడుతున్నాననుకుంటారు.

సాయంత్రం హాల్లో టీచరమ్మ ఫోన్ అడిగి, వీడియో చేసినాయనతో మాట్లాడాను. ఫోన్ స్పీకర్లో ఉంది.

"టైమ్ సరిపోలేదమ్మా. కెమెరాలో మీరు చాలా బాగా పడ్డారు. జనం మిమ్మల్ని చూస్తారు, మీకే మంచిది."

"జనం నన్ను శానసార్లు చూసిండ్రు సార్, నేను ఏం అనుకుంటున్ననో తెల్వకుంటనే. నేను అన్నది మొత్తం పెట్టుండ్రి. లేకుంటే నన్ను తీసెయ్యుండ్రి."

ఆయన ఏదో నసిగాడు. టీచరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తిడుతుందనుకున్నాను. "ఆవిడ చెప్పినట్టు చేసేయండి," అని పెట్టేసింది.

నన్ను తీసేశారు. ఆ వీడియోలో ఇప్పుడు కేక్ ఉంది, పూలున్నాయి, పెద్దమనుషులున్నారు. నేను లేను. నాకదే నయం.

ఫోన్ పెట్టేసిన రోజునే టీచరమ్మ బోర్డు తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది: "నాకు మాత్రం రెండో పుస్తకమే ఎక్కువ నచ్చింది."

ఇన్నాళ్లలో ఏ పుస్తకం గురించీ ఆవిడ తన అభిప్రాయం నాకు చెప్పలేదు. చదివి వినిపించమనేది, తప్పులు దిద్దేది, అంతే.

కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకు నచ్చిందో చెప్పు," అన్నాను. "నేనైతే ఒప్పుకోను. జర చెప్పు, వింట."