ఓడెక్కి ఆడివచ్చిన మా మామ

మొన్న కరీంనగర్‌లో మనుమరాలికి ఆటబూట్లు కొనడానికి వెళ్తే, దుకాణంలో అతను ఏ ఆటకని అడిగి, ఫుట్‌బాల్‌కని చెప్పగానే అడుగున మేకుల్లాంటి బుడిపెలున్న జోళ్లు నాలుగు రకాలు ముందర పెట్టాడు. వాటిని తిప్పి చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన మనిషి ఒకరుండేవారనీ, ఆయన ఆడింది ఉత్తకాళ్లతోననీ అక్కడ చెప్తే ఎవరు నమ్ముతారు? ఆ మాటకొస్తే, ఆ రోజుల్లోనే ఎవరూ నమ్మలేదు.

ఆయన మా మామ. నేను ఖానాపూర్ నుంచి కోడలిగా శ్రీరాంపూర్ బొగ్గుగనుల కాలనీకి వచ్చేనాటికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు అందించే ల్యాంప్ రూములో పని. పొలాల మధ్య పెరిగిన నాకు అక్కడ ప్రతిదీ వింతే: సైరన్ మోతను బట్టి పొయ్యి వెలిగించడం, ఆరేసిన తెల్లబట్టల మీద సాయంత్రానికల్లా నల్లటి పొడి, పక్కింట్లో ఒక భాష, వెనకింట్లో ఇంకో భాష. అన్నింటికన్నా వింత మా మామ నడక. డ్యూటీ దిగి గేటు దాటగానే బూట్లు విప్పి, లేసులు ముడేసి భుజాన వేసుకుని, ఎంత ఎండలోనైనా ఉత్తకాళ్లతోనే ఇంటికి వచ్చేవాడు. కుడికాలి బొటనవేలు మిగతావాటితో పోట్లాడి వేరుపడ్డట్టు పక్కకు తిరిగి ఉండేది.

ఎందుకట్లా అని మా అత్తమ్మను అడిగితే, బియ్యం చెరుగుతూ, "నాకేం ఎరుక బిడ్డా! ఓడెక్కి పోయిన, వేరే దేశంల బంతి ఆడిన అంటడు. నేను జూసిన్నా? నా లగ్గం గాకముందు ముచ్చట," అని చేట దులిపేసింది. మా ఆయనైతే ఆ ప్రస్తావన వస్తేనే సిగ్గుపడి బయటికి వెళ్లిపోయేవాడు.

నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు, ఏదైనా సగం తెలిస్తే అన్నం సహించదు. కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడటమే తప్పనుకునే రోజులవి, మన ఈడు వాళ్లకు తెలియనిది కాదు. అందుకని ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు చాటు నుంచి పూటకొక ప్రశ్న అడిగేదాన్ని. ఆయన పళ్లెం కేసి చూస్తూ జవాబు చెప్పేవాడు. అట్లా పూటకింత తెలిసింది. పడుచుతనంలో హైదరాబాదులో ఒక మిల్లులో పనికి కుదిరి, ఆ మిల్లు జట్టులో ఆడి, అక్కడినుంచి దేశం జట్టుకు ఎంపికై, జీతం లేని సెలవు పెట్టి ఓడెక్కాడట. దిగిన చోట వానకు తడిసిన మైదానంలో ఒక గోలు కూడా కొట్టాడట. ఆ తర్వాతి ఏడు మాత్రం ఇకమీదట అందరూ బూట్లు వేసుకునే ఆడాలన్నారు. బొబ్బలెక్కిన కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని చలికాలమంతా సాధన చేశాడు.

"బూట్లేసుకుంటె బంతి నా కాలుకు ఎరుకైతలేదు బిడ్డా. ఎవ్వలిదో కాలుతోని తన్నినట్టుండె," అన్నాడొకసారి.

మళ్లీ దేశం జట్టులో ఆయన పేరు రాలేదు. గని జట్టుకు ఆటగాళ్లు కావాలని ఉద్యోగమిస్తే బొగ్గుబావుల వైపు వచ్చేశాడు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, కాలనీలో ఆటలపోటీలు జరిగాయి. బయటినుంచి వచ్చిన అతిథికి ఎవరో మామను చూపించి, దేశానికి ఆడిన మనిషని చెప్పారు. ఆ అతిథి ముచ్చటపడి ఫొటో ఉందా అని అడిగాడు. లేదు. రేవులో జట్టంతా కలిసి దిగిన ఫొటో పోస్టులో పంపిస్తామన్నారు, రానేలేదు. జట్టు కోటు తిరిగి రాగానే అప్పజెప్పాల్సి వచ్చింది. అంతలో మా క్వార్టర్ల వరుసలో ఉండే ఒకాయన, "ఓడనే ఎక్కిండో, గోదావరిల నావ ఎక్కిండో!" అన్నాడు. అందరూ నవ్వారు, మామ కూడా నవ్వాడు. కానీ మర్నాటి నుంచి సాయంత్రాలు మైదానం వైపు పోవడం మానేసి వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు.

అది చూడలేక ఒక పని చేశాను. మామ మాటల్లో తరచూ ఒక దోస్తు వచ్చేవాడు, అదే మిల్లు మనిషి, ఓడలో తోడు వెళ్లినవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మిల్లు చిరునామాకు ఆయన పేర ఉత్తరం రాశాను, మీరు మా మామతో కలిసి ఓడెక్కిన మాట నిజమేనా అని. నెల దాటింది, రెండు నెలలు దాటాయి, జవాబు లేదు. నాలో కూడా అనుమానం మొదలైంది. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

జవాబు రాలేదు, మనిషే వచ్చాడు. ఒక ఆదివారం పొద్దున తెల్లగడ్డం పెద్దమనిషి, మోకాలు పట్టుకుని కుంటుతూ, నా ఉత్తరం జేబులో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. మంచం మీదున్న మామ మొహం చూడకుండా తిన్నగా కాళ్ల కేసి చూసి, "అరె, గీ వంకర వేలును ఏడ జూసినా గుర్తువడ్త!" అని కావలించుకున్నాడు. వరుసలో వాళ్లంతా పోగయ్యారు. గోదావరి నావ అన్నాయన కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. దోస్తు అందరి ముందూ నా ఉత్తరం తీసి, ఓడెక్కిన మాట నిజమేనా అని అడిగింది ఈ బిడ్డేనని చూపించాడు.

కాసేపటికి మామ మంచినీళ్లకని లోపలికి వచ్చాడు.

"నువ్వు గూడ నమ్మలేదా బిడ్డా?"

"అట్ల గాదు మామా, ఆళ్ల నోళ్లు మూయించాల్నని..."

అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ సంగతి ఆయనకు తెలిసిపోయింది. "మంచిగనే జేసినవ్ తీ," అని నా చేతిలోని చెంబు అందుకుని బయటికి వెళ్లాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ. ఆ గోలు ఎడమకాలితో కొట్టావని దోస్తు, కాదు కుడికాలితోనని మామ. మంచం మీది దుప్పటి మైదానమైంది, చాయ్ గ్లాసులు ఆటగాళ్లయ్యాయి, ఎవరికి వాళ్లు గ్లాసులు జరుపుకుంటూ మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఎన్నడూ ఆ ఊసు పట్టని మా అత్తమ్మ వంటింటి గడపలో కూర్చుని, "ఓడల ఏం దిన్నరు మరి?" అని అడిగింది. మర్నాడు సాయంత్రం మామ మైదానానికి వెళ్లాడు.

ఇప్పుడు ఆ మైదానం ఉన్నచోట ఓపెన్‌కాస్టు గని కోసం పైనుంచి తవ్వి తీసిన మట్టి పోసిన గుట్ట లేచింది. మనం అడుగు తీసి అడుగు వేసినా ఫొటో ఉండే కాలం వచ్చింది, ఏదైనా తేల్చుకోవడానికి క్షణం పట్టదు. సాక్ష్యం కోసం ఉత్తరం రాసిన నేనే ఆ రోజు ఆ వాదన తెగకూడదని కోరుకున్నాను. ముందు దోస్తు పోయాడు, రెండేళ్లకు మామ పోయాడు. ఎడమకాలా కుడికాలా అని పోట్లాడటానికైనా ఇప్పుడెవరూ లేరు.