పొల్లు పోని జవాబు

మా అమ్మను మన దేశంలో నర్సులకు కాన్పులు నేర్పే బడిలో అందరూ టేపురికార్డరు అనేవారట. అక్కడ అది బిరుదు. పంతులుగారు పుస్తకం మూస్తే అమ్మ నోరు తెరిచేది, పేజీ అయ్యాకే గుక్క తిప్పుకునేది. ఎవరైనా ఒక్క మాట మారిస్తే, "సొంత పైత్యం వద్దు" అని ఆయన వాళ్ల వేళ్ల కణుపుల మీద స్కేలుతో ఒకటి వేసేవారు. అమ్మ ఆ దెబ్బ ఒక్కసారీ తినలేదు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు కాన్పులు చేసింది.

ఈ దేశం వచ్చాక ఆ పంతొమ్మిదేళ్లూ చెల్లలేదు. మళ్లీ పరీక్ష రాయాలన్నారు, అదీ మూడుసార్లే. మొదటి రెండుసార్లూ అక్కడి పుస్తకంలో ఉన్నదే రాసి పోగొట్టుకుంది. పొట్ట గడవాలి కాబట్టి ఆసుపత్రి నేలమాళిగలో, కాన్పుల వార్డు నుంచి దిగే దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. ఒక్కో దుప్పటి విప్పి, "ఈ పిల్లకి రక్తం బాగా పోయిందే" అనుకునేది. పైకి వెళ్లి చూసే హక్కు మాత్రం లేదు.

మూడోసారికి ఇక్కడి పుస్తకం తెచ్చి నేనే చదివించాను. నేను ఇక్కడి బడిలో చదివినదాన్ని. ఇక్కడ టీచర్లు ఏది చెప్పినా "నువ్వేమనుకుంటున్నావు?" అని ప్రాణం తీస్తారు. అది తెలిసి కూడా నాలుగు నెలలు అమ్మ చేత పాఠాలు అప్పజెప్పించుకున్నాను. మాట జారితే మళ్లీ మొదటి నుంచి. నాకు చచ్చినా రాని విద్య అమ్మ గడగడా చూపిస్తుంటే ముచ్చటేసింది. నా బుద్ధి గడ్డి తింది.

ఫలితాలకు బదులు పరీక్ష పెట్టినవాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. జవాబులు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయట, కాపీ కొట్టినట్టు అనుమానమట, వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట.

గదిలో విచారణకు ముగ్గురు కూర్చున్నారు. అమ్మ కుర్చీలో కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, కాన్పు తర్వాత రక్తస్రావం గురించిన పాఠం మొత్తం పొల్లు పోకుండా అప్పజెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ మొహం వెలిగిపోయింది. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"కాపీ కొట్టలేదని నమ్ముతున్నామండీ" అంది వాళ్లలో పెద్దావిడ మెత్తగా. "ఇప్పుడు అదే మీ సొంత మాటల్లో చెప్పండి, చాలు."

అమ్మ నావైపు చూసింది. వేళ్లు ముడుచుకుని చంకల్లోకి దాచుకుంది. ఏదో ఒకటి చెప్పమ్మా అని అరిచేద్దామనుకున్నాను, కానీ మాట్లాడితే బయటికి పంపేస్తామని ముందే చెప్పారు. గడియారంలో అయిదు నిమిషాలు గడిచాయి. పెద్దావిడ నిట్టూర్చి కాగితం మీద సంతకం చేసింది. అంతే, మూడో అవకాశమూ పోయింది.

బస్టాపులో అడిగాను.

"అమ్మా, నిజంగా రక్తం ఆగకపోతే నువ్వేం చేసేదానివి?"

"ఏం చేస్తాను! ముందు సాయానికి మనిషిని పిలిపిస్తా. ఇదిగో, ఇక్కడ చెయ్యేసి గట్టిగా రుద్దుతా" అని నా పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. "లోపల మెత్తగా తగిలితే భయం. బంతిలా గట్టిపడిందా, గండం గడిచినట్టే. బిడ్డని రొమ్ముకి పట్టిస్తా. తల్లితో మాట్లాడుతూనే ఉంటా, కళ్లు మూసుకోనివ్వను."

"లోపల ఇదే చెప్పాల్సిందమ్మా!"

అమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "అది చదువు కాదు కదే, పని."

బస్సు వచ్చింది. రెండింటి షిఫ్టుకి ఆలస్యమైతే ఊరుకోరని అమ్మ గబగబా ఎక్కేసింది. పాఠాలు అప్పజెప్పించుకున్న ఆ నాలుగు నెలల్లో, నువ్వేం చేసేదానివన్న ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా అడగలేదు.